ఫాదర్లు మారతారు, మాస్టార్లు ఉంటారు: విశాఖలో కాథలిక్ హైస్కూలు ఎంచుకునేవారికి

మా వీధిలో ఏటా సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేసరికి ఒకే ప్రశ్న మొదలవుతుంది: వచ్చే జూన్‌లో పిల్లవాణ్ణి ఆరో తరగతికి ఏ కాన్వెంటులో వేయాలి? ఇరవై ఏడేళ్లు ఈ ఊళ్లోని కాథలిక్ పాఠశాలల్లో సోషల్ స్టడీస్ చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ఆ ప్రశ్న చివరికి మా వరండాలోకే వస్తుంది. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే. ఇక్కడ మాత్రం ఆ మాటను అగ్రపీఠమో (ఆర్చ్‌డయోసిస్), ఫాదర్ల, సిస్టర్ల సభలో (సన్యాస సంఘాలు) నడిపే ఉన్నత పాఠశాలలకే పరిమితం చేస్తున్నాను. వీటి చరిత్ర మన ఊళ్లో చిన్నది కాదు. ఫ్రాన్స్‌లోని ఆన్సీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖకు వచ్చారు. మరుసటి ఏడే పాత పట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల మొదలైంది. అదే ఆన్సీ నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు 1849లో ఈ తీరానికి చేరారు. విశాఖ 1886లో బిషప్ ఉండే పీఠమూ, 2001లో ఆర్చ్‌బిషప్ ఉండే అగ్రపీఠమూ అయింది. అంటే పీఠం ఏర్పడక ముందే బడి ఏర్పడింది. ఈ వయసు గౌరవించదగ్గదే గాని, 1847 అన్న అంకె మీ అమ్మాయికి త్రికోణమితి చెప్పదు. అది చెప్పేది తొమ్మిదో తరగతి గదిలో నిలబడిన టీచరు. ఈ వ్యాసంలో నేను పదే పదే తిరిగివచ్చేది అక్కడికే.

ముందుగా చూడవలసినవి

పేరును పక్కన పెడితే తూచవలసినవి నాలుగు: బోధనా సిబ్బంది, బోర్డు, బడిలో రోజువారీ జీవితం (ప్రార్థన, క్రమశిక్షణ, భాష), ఖర్చూ దూరమూ. చాలామంది బోర్డుతో మొదలుపెట్టి సిబ్బంది దగ్గరికి రాకుండానే ఫారం కొనేస్తారు. నా వరస తలకిందులుగా ఉంటుంది.

కాథలిక్ పాఠశాలలో సిబ్బంది మూడు అంతస్తులుగా ఉంటారు. పైన కరస్పాండెంటు, అంటే యాజమాన్యం తరఫున బడిని నడిపేవారు, ఆయన సంతకం లేనిదే చాక్‌పీసు డబ్బా కూడా రాదు. తర్వాత హెడ్మాస్టరో హెడ్మిస్ట్రెస్సో, సాధారణంగా ఒక ఫాదర్ లేదా సిస్టర్. కింద, గదుల్లో, మాలాంటి గృహస్థ టీచర్లు, అంటే ఫాదర్లూ సిస్టర్లూ కానివారు. ఒకప్పుడు సిస్టర్లే లెక్కలూ, ఇంగ్లీషూ చెప్పేవారు. ఇప్పుడు సభల్లో చేరేవారు తగ్గడంతో ఏ బడిలోనైనా పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది గృహస్థులే, వారిలో కాథలికులు కానివారూ చాలామందే. సిస్టర్లు నడుపుతున్నారు కాబట్టి సిస్టర్లే చెబుతారనుకుని చేర్పించే తల్లిదండ్రులకు మొదటి పేరెంట్స్ మీటింగులోనే ఆశ్చర్యం కలుగుతుంది.

రెండో ఆశ్చర్యం బదిలీ. ఫాదర్లూ, సిస్టర్లూ తమ సభ ప్రొవిన్షియల్ (ప్రాంతీయ అధిపతి) ఉత్తర్వు మీద కొన్నేళ్లకోసారి మారతారు. అది వారి వ్రతంలో భాగం. తల్లిదండ్రులు సంతకాలు సేకరించినా ఆగదు. మీరు మార్చిలో మాట్లాడి మెచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు జూన్‌లో బడి తెరిచేసరికి మరో జిల్లాలో ఉండవచ్చు, ఆఫీసు గదిలో కొత్త సిస్టర్ కొత్త డైరీతో కూర్చుని ఉండవచ్చు. కొత్తవారు వస్తే ఆటల పీరియడ్లు పెరగవచ్చు, తగ్గవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడాలన్న పట్టు బిగియవచ్చు, సడలవచ్చు. కాబట్టి ప్రధానోపాధ్యాయుల మంచితనం చూసి బడిని ఎంచుకోవడం, స్టేషన్ మాస్టరును చూసి రైలెక్కడం లాంటిది.

స్థిరంగా ఉండేది, లేదా ఉండవలసింది, గృహస్థ టీచర్లు. వారి నిలకడ జీతాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ సహాయం ఉన్న పోస్టులో ఉన్నవారు ప్రభుత్వ స్కేలు అందుకుని రిటైరయ్యే దాకా ఉంటారు. యాజమాన్యం జీతమిచ్చే పోస్టులో ఉన్నవారు ప్రభుత్వ టీచరు పోస్టుల డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే సెలవు పెట్టి కోచింగుకు వెళతారు, ఉద్యోగం వస్తే వెళ్లిపోతారు. వారిని తప్పుపట్టలేం. నేను పనిచేసిన ఒక బడిలో, పేరు అనవసరం, తొమ్మిదో తరగతి ఫిజికల్ సైన్స్ టీచరు నవంబరులో మానేశారు. సంక్రాంతి దాకా ఆ పీరియడు లైబ్రరీ పీరియడైంది. స్టాఫ్‌రూములో గోడకు వేలాడే సబ్‌స్టిట్యూషన్ పుస్తకంలో ఆ గడిలో వారానికి ఆరుసార్లు నా పేరే ఉండేది. కాంతి పరావర్తనం బదులు పిల్లలు నా దగ్గర ఫ్రెంచి విప్లవం రెండోసారి విన్నారు. మరుసటి ఏడు పదో తరగతిలో ఆ సెక్షన్ సైన్స్ మార్కులు ఎలా వచ్చాయో చెప్పనక్కర్లేదు.

అందువల్ల ఆఫీసులో అడగవలసిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. "సిస్టర్, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు, సైన్స్ ఎవరు చెబుతారండీ? వారు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారండీ?" అని అడగండి. మంచి బడి అయితే ఠక్కున పేరూ, ఏళ్లూ చెబుతారు. "మాకు క్వాలిఫైడ్ స్టాఫ్ ఉన్నారు" అన్న జవాబు జవాబు కాదు. వెంటనే రెండో ప్రశ్న వేయండి: గత రెండేళ్లలో ఏడాది మధ్యలో ఎంతమంది మానేశారు?

అర్హతల విషయంలో ఒక కొత్త మలుపు ఉంది. ఎనిమిదో తరగతి దాకా బోధించేవారికి టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తప్పనిసరి అని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సర్వీసులో ఉన్నవారిలో అయిదేళ్లకు మించి ఉద్యోగకాలం మిగిలినవారు రెండేళ్లలో అర్హత సాధించాలని చెప్పింది. మైనారిటీ సంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రం పెద్ద ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి ఒక కాథలిక్ బడిలో టెట్ లేని సీనియర్ టీచరు ఉన్నారని వెంటనే కంగారు పడనక్కర్లేదు; అయితే ఇటీవల చేరినవారికి టెట్ ఉందా అని అడగడం మాత్రం సబబే.

మాటలకన్నా నమ్మదగ్గ సాక్ష్యం ఒకటుంది. ఆ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లల్ని ఎవరినైనా, మీ వీధిలోనో విచారణలోనో (మీ చర్చి పరిధి, పారిష్), పట్టుకుని డిసెంబరు నాటి లెక్కల నోట్‌బుక్ చూపించమనండి. ప్రతి పేజీ అడుగున ఎర్ర సిరాతో తారీఖూ, పొట్టి సంతకమూ ఉన్నాయా? తప్పు చేసిన చోట అడ్డగీత ఒక్కటే ఉందా, లేక ఏ మెట్టు దగ్గర పొరబడ్డాడో అక్కడ సున్నా చుట్టి ఉందా? తప్పు దిద్దుకున్న లెక్కను టీచరు మళ్లీ చూశారా? మొదటి పది పేజీలు చక్కగా దిద్ది ఆ తర్వాత "సీన్" (చూశాను) అని మాత్రమే రాసి ఉంటే, ఆ గదిలో అరవై మంది ఉన్నారనో, టీచరు మధ్యలో మారారనో అర్థం. ఏ బ్రోషరూ ఈ నోట్‌బుక్ చెప్పినంత చెప్పదు.

మూడు రకాల బడులు

విశాఖలో మీ ఎదుటకు వచ్చేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ప్రభుత్వ సహాయంతో నడిచిన పాత బడి. పాత పట్నం, జ్ఞానాపురం వైపు ఎక్కువగా కనబడుతుంది. రెండోది సొంత ఖర్చుతో రాష్ట్ర సిలబస్ చెప్పే కాన్వెంటు. దాదాపు ప్రతి పెద్ద విచారణ పక్కనా ఒకటుంటుంది. మూడోది ఫాదర్లో సిస్టర్లో నడిపే సీబీఎస్‌ఈ స్కూలు. ఉక్కునగరం, గాజువాక, మధురవాడ లాంటి ఉద్యోగుల ప్రాంతాల్లో దీనికి గిరాకీ.

| అంశం | పాత ఎయిడెడ్ బడి | రాష్ట్ర సిలబస్ కాన్వెంటు | సీబీఎస్‌ఈ కాథలిక్ స్కూలు |
|---|---|---|---|
| టీచర్ల జీతం | కొందరికి ప్రభుత్వం, మిగిలినవారికి యాజమాన్యం | యాజమాన్యం | యాజమాన్యం |
| టీచర్ల నిలకడ | పాతవారు గట్టిగా ఉంటారు, కొత్తవారు తక్కువ | బడిని బట్టి | బడిని బట్టి. జీతం మెరుగైతే మెరుగు |
| పదో తరగతి పరీక్ష | 6 సబ్జెక్టులు, 600 మార్కులు | అదే | ప్రధాన సబ్జెక్టులు 5, ఒక్కొక్కటి 80+20 |
| ఉత్తీర్ణత | 35, హిందీకి 20 | అదే | 33 శాతం |
| తెలుగు | పదో తరగతి దాకా గట్టిగా | పదో తరగతి దాకా | ఎంచుకున్న రెండో భాషను బట్టి |
| ఫీజు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| మధ్యాహ్న భోజనం | ఉంటుంది | ఉండదు | ఉండదు |
| పదో తరగతి తర్వాత | ఇంటర్‌కు బయటికి | ఇంటర్‌కు బయటికి | ప్లస్ టూ ఉంటే అక్కడే |

పాత ఎయిడెడ్ బడి

దీని బలం దాని సీనియర్ టీచర్లు, దాని మైదానం. ఇప్పుడు కొత్తగా ఎవరూ కొనలేనంత స్థలం ఈ బడులకు పూర్వం నుంచీ ఉంది; కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్ అక్కడ సర్క్యులర్లలో కాక నేల మీద ఉంటాయి. తరగతిలో ఫిషింగ్ హార్బర్ కూలీ కొడుకూ, షిప్‌యార్డు ఫోర్‌మన్ కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. హార్బర్ దగ్గర మూడు కొండలున్నాయి కదా, మేరీమాత గుడి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. నేను పాఠం చెప్పిన తరగతిలో ఆ మూడు కొండలకూ మొక్కేవారి పిల్లలు ఎప్పుడూ ఉండేవారు.

బలహీనత కూడా చెప్పాలి. ఎయిడెడ్ పోస్టు ఖాళీ అయితే ఏళ్ల తరబడి భర్తీ కాదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను ఆస్తులతో సహా బడిని అప్పగించండి, లేదా సిబ్బందిని అప్పగించండి, లేదా సహాయం లేకుండా నడుపుకోండి అన్నట్టుగా అడిగింది. విశాఖలో కూడా తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తర్వాత ఆ ఏడు చివరలో అది బలవంతం కాదని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఈ గందరగోళంలో కొన్ని బడులు తమ సీనియర్లను కోల్పోయాయి. అందువల్ల గేటు మీది బోర్డులో "ఎయిడెడ్" అని ఉన్నంత మాత్రాన లోపల ఎయిడెడ్ టీచర్లు ఉన్నట్టు కాదు. స్కేలు మీద ఉన్నవారు ఎంతమంది మిగిలారు, వారిలో మీ పిల్లవాడు పదికి వచ్చేసరికి ఎంతమంది రిటైరవుతారు అని లెక్కగట్టండి. ఆరో తరగతిలో చేరే పిల్లవాడికి అయిదేళ్ల ప్రయాణం ఉంది. రెండు మూడేళ్లలో రిటైరయ్యే లెక్కల మాస్టారిని చూసి చేర్పించడంలో అర్థం లేదు.

రాష్ట్ర సిలబస్ కాన్వెంటు

విశాఖ మధ్యతరగతి ఎక్కువగా చేర్పించేది ఇక్కడే. సిస్టర్ల పర్యవేక్షణ దగ్గరగా ఉంటుంది, ఆడపిల్లల తల్లిదండ్రులకు నిశ్చింత. రిబ్బన్లూ రెండు జడలూ, నల్ల బూట్లూ, శనివారం తెల్ల యూనిఫామూ, ఇవన్నీ ఖచ్చితం.

రాష్ట్ర సిలబస్ అంటే తక్కువ అన్న పాత అభిప్రాయం ఇప్పుడు నిలవదు. సీబీఎస్‌ఈ బడులు వాడే ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల ఆధారంగా ఇంగ్లీషు మీడియం పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. అంటే గణితం, సైన్స్ పాఠాల్లో రాష్ట్ర బోర్డుకూ సీబీఎస్‌ఈకీ మధ్య దూరం చాలావరకు పోయింది. తేడా ఇప్పుడు పరీక్ష పద్ధతిలో ఉంది, భాషల్లో ఉంది. రాష్ట్ర బోర్డులో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ పదో తరగతి దాకా రాయాలి; హిందీకి 20 మార్కులు చాలు అన్న వెసులుబాటు ఉంది.

ఈ రకం బడుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా అన్న పద్ధతి ఇంకా కొన్నిచోట్ల పోలేదు. ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషు మాట్లాడించాలి, నిజమే. జరిమానా వేస్తే పిల్లలు మాట్లాడటమే మానేస్తారు. మీరు వెళ్లిన రోజు విరామ సమయంలో మైదానం పక్కన అయిదు నిమిషాలు నిలబడండి. పిల్లలు టీచరు కనబడగానే గొంతు తగ్గిస్తే ఆ బడి గురించి మీకు ఒక సంగతి తెలిసినట్టే.

సీబీఎస్‌ఈ కాథలిక్ స్కూలు

తూర్పు నౌకాదళంలో పనిచేస్తూ మూడేళ్లకోసారి కొచ్చికో ముంబైకో బదిలీ అయ్యే కుటుంబానికి వేరే ఆలోచన అక్కర్లేదు, ఇదే సరైనది. ఊరు మారినా పుస్తకం మారదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకూ అదే న్యాయం.

సీబీఎస్‌ఈలో 20 మార్కులు బడిలోనే వేస్తారు: పీరియాడిక్ టెస్టులు, నోట్‌బుక్, ప్రాజెక్టు. రాత పరీక్ష అంటే బెదిరే పిల్లలకు ఇది ఆసరా. పైగా 2026 నుంచి పదో తరగతికి రెండుసార్లు బోర్డు పరీక్ష పెట్టే ఏర్పాటు వచ్చింది. ఫిబ్రవరిలో మొదటిది అందరూ రాయాలి, మే నెలలో రెండోదానిలో మూడు సబ్జెక్టుల దాకా మార్కులు మెరుగుపరచుకోవచ్చు. రాష్ట్ర బోర్డులో వంద మార్కులూ రాత పరీక్షలోనే తేలతాయి.

నష్టం తెలుగు వైపు. రెండో భాషగా హిందీ తీసుకున్న పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో తెలుగు పుస్తకం ముట్టరు. కాథలిక్ ఇళ్లలో దీని ఫలితం నేను కళ్లారా చూశాను. మా విచారణలో అక్టోబరు నెలంతా సాయంత్రం ఒక్కో ఇంట్లో జపమాల చెబుతాం. ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి అబ్బాయికి మూడో పది పూసల ప్రార్థన నడిపించమని జపమాల ఇచ్చారు. మరియమ్మ ప్రార్థనలో "దేవవరప్రసాదముచేత నిండిన" అన్న మాట దగ్గర ఆగిపోయి, వాళ్ల నాయనమ్మ వైపు చూసి, మిగతాదంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేశాడు. ఆమె తెలుగులోనే ముగించింది. ఇద్దరూ ఒకే ప్రార్థన చెప్పారు గాని కలిసి చెప్పలేకపోయారు. సీబీఎస్‌ఈలోనూ తెలుగును భాషగా ఎంచుకునే వీలుంది. ఆ బడిలో తెలుగు టీచరు ఉన్నారా, తెలుగు తీసుకునే పిల్లలు ఎంతమంది అని అడగండి.

ఐసీఎస్‌ఈ గురించి రెండు మాటలు చాలు. అక్కడ ఇంగ్లీషు భాష, సాహిత్యం వేర్వేరు పేపర్లు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ వేర్వేరు. చదవడం ఇష్టమైన పిల్లలకు విందు, కష్టపడి నెట్టుకొచ్చే పిల్లలకు బరువు. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు చదివే అలవాటు లేకపోతే ఆ దారి పట్టవద్దనే నా సలహా.

ప్రార్థన సంగతి

ఉదయం ఎనిమిదీ నలభైకి రెండో గంట కొడితే మైదానంలో వరసలు తేరుతాయి. ప్రార్థన, వార్తలు, ప్రతిజ్ఞ, జాతీయ గీతం. (దేశమంతా చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు అప్పుడు ఈ ఊళ్లోనే ఖజానా అధికారి. పిల్లలకు ఈ సంగతి చెబితే ఆ రోజు ప్రతిజ్ఞ కాస్త గట్టిగా వినబడేది.) కాథలిక్ పిల్లలు శిలువ గుర్తు వేసుకుంటారు, మిగిలినవారు చేతులు జోడించి నిలబడతారు. టైంటేబుల్లో ఒకే పీరియడులో కాథలిక్ పిల్లలకు సత్యోపదేశం (క్రైస్తవ మతబోధన), ఇతరులకు మోరల్ సైన్స్ ఉంటాయి.

హిందూ, ముస్లిం తల్లిదండ్రులు మొహమాటంతో అడగని ప్రశ్న నాకు తెలుసు: మతం మారుస్తారా? రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం గుర్తింపు పొందిన ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధనలోనో, ఆరాధనలోనో పాల్గొనమని కోరకూడదు. భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య 2024లో తన బడులకిచ్చిన మార్గదర్శకాల్లో ఇతర మతాల పిల్లలపై మన ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని స్పష్టంగా చెప్పింది. కాబట్టి మొహమాటం వద్దు. చర్చిలో పూజ (మాస్) ఉన్న రోజున మా అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందండీ అని సూటిగా అడగండి. చిరునవ్వుతో జవాబు వస్తే ఇబ్బంది లేదు.

కాథలిక్ కుటుంబాలు అడగవలసింది వేరు. సత్యోపదేశం పీరియడు టైంటేబుల్లో ఉందా, లేక పరీక్షలు దగ్గరపడగానే లెక్కల టీచరు తీసేసుకుంటారా? నా అనుభవంలో పదో తరగతిలో జనవరి తర్వాత ఆ పీరియడు ఉండదు. విచారణలో ఆదివారం సత్యోపదేశం మానిపించి బడి మీద వదిలేయకండి. ప్రవేశానికి జ్ఞానస్నాన సర్టిఫికెట్టుతో పాటు విచారణ గురువు ఉత్తరం అడగవచ్చు. ఫారం తీసుకున్న వారంలోనే ఆ రెండూ తెచ్చిపెట్టుకోండి.

సెలవుల్లో ఒక చిన్న చిక్కుంది. రాష్ట్ర విద్యా క్యాలెండర్‌లో క్రైస్తవ మైనారిటీ బడులకు దసరా సెలవులు తగ్గి క్రిస్మస్ సెలవులు పెరుగుతాయి. అన్నను కాన్వెంటులో, చెల్లిని వేరే బడిలో వేస్తే దసరాకు అమ్మమ్మగారి ఊరి ప్రయాణం రెండు ముక్కలవుతుంది.

డబ్బు, దూరం

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదలకిచ్చే 25 శాతం సీట్లు మైనారిటీ బడులకు వర్తించవని సుప్రీంకోర్టు 2014లో తీర్పునిచ్చింది. లాటరీలో కాన్వెంటు సీటు వస్తుందని ఎదురుచూడకండి. అయితే చాలా బడుల్లో కరస్పాండెంటు చేతిలో ఫీజు రాయితీ ఉంటుంది. దానికి దరఖాస్తు ఉండదు, అడిగినవారికే దొరుకుతుంది. తల్లికి వందనం పథకం కింద తల్లి ఖాతాలో పడే 13,000 రూపాయలు అర్హతలున్న ప్రైవేటు బడి పిల్లలకూ వస్తాయి కాబట్టి ఆ డబ్బు కోసం బడి మార్చే పని లేదు.

దూరం గురించి నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. మధురవాడ నుంచి పాత పట్నానికి, కూర్మన్నపాలెం నుంచి వాల్తేరుకు పిల్లల్ని పంపేవారున్నారు. ఎన్ఏడీ కూడలి దగ్గర ఆగిన ఆటోలో పదకొండేళ్ల పిల్ల రోజుకు గంటన్నర కూర్చుంటే ఏ బోర్డూ ఆ నష్టం పూడ్చలేదు. ముప్పావు గంట దాటిన బడిని జాబితాలోంచి కొట్టేయండి, దాని పేరు ఎంత పెద్దదైనా.

ఎవరికి ఏది

లెక్కల్లో చురుకై ఐఐటీ ఆలోచన ఉన్న పిల్లవాడి తండ్రి తరచూ కార్పొరేట్ స్కూలుకూ కాన్వెంటుకూ మధ్య ఊగుతుంటాడు. పదో తరగతి దాకా కాన్వెంటులో ఉంచి, ఇంటర్‌లో కోచింగుకు పంపమని నేనంటాను. కాన్వెంటులో రోజుకో ఆటల పీరియడు, స్పోర్ట్స్ డే, క్రిస్మస్ నాటకం ఉంటాయి. ఆరో తరగతి నుంచి ఆదివారం పరీక్షలు రాసినవాడు ఇంటర్‌కు వచ్చేసరికి అలసిపోయి ఉంటాడు. దీనికి మినహాయింపు ఒకటే: మీ కాన్వెంటులో తొమ్మిదో తరగతి లెక్కలకు నిలకడైన టీచరు లేకపోతే నా మాట వర్తించదు.

చదువులో నెమ్మదైన పిల్లలకు, తొలితరం చదువరులకు, ఎయిడెడ్ సీనియర్లు మిగిలి ఉన్న పాత బడి ఇప్పటికీ అన్నిటికన్నా మంచిది. అక్కడి మాస్టార్లకు ఇలాంటి పిల్లలు కొత్త కాదు. షిఫ్టు డ్యూటీలు చేసే తల్లిదండ్రులకు ఇంటి పక్క కాన్వెంటే మేలు. సాయంత్రం స్టడీ అవర్ నడుపుతారేమో అడగండి. హాస్టలు అయితే నేను తొమ్మిదో తరగతికి ముందు ఎవరికీ చెప్పను, తప్పనిసరి పరిస్థితి ఉంటే తప్ప.

ఇక ఒక బడిలో చేర్చాక మనసు మారితే ఎప్పుడు మార్చాలన్నది చాలామంది ఆలస్యంగా అడిగే ప్రశ్న. ఏడో తరగతి చివర, లేదా ఎనిమిదో తరగతి చివర, అంతే. తొమ్మిదో తరగతిలో సీబీఎస్‌ఈ వాళ్లు పిల్లల పేర్లు బోర్డులో నమోదు చేస్తారు, నేరుగా పదో తరగతిలో చేర్చుకోవడం ప్రత్యేక కారణాలుంటే తప్ప జరగదు. పోయినేడు తొమ్మిదో తరగతి దసరా పరీక్షల మార్కులు పట్టుకుని మా వరండాలోకి వచ్చిన ఒక తల్లి, ఇప్పుడు బోర్డు మారిస్తే ఎలా ఉంటుందండీ మాస్టారూ అని అడిగింది. ముందు అబ్బాయి సైన్స్ నోట్‌బుక్ తెమ్మన్నాను. ఆగస్టు 19 తర్వాత అందులో ఎర్ర సిరా లేదు. బోర్డు సంగతి పక్కన పెట్టి, సోమవారం పొద్దున ఆ నోట్‌బుక్ తీసుకుని హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్లమన్నాను.